పిల్లల రచయితను కలవడానికి హైదరాబాద్ వెళ్తున్నారా? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తక ప్రదర్శన కబురు రాగానే మన వైపు తల్లిదండ్రులు, బడి టీచర్లు నన్ను ఏటా ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎవరికి వారికి ఫోన్లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెట్టాను. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదివినా సరిపోతుంది.

## పోదామా వద్దా అనుకునేటప్పుడు

ఒక్క సంతకం కోసం 100 కిలోమీటర్లు పోవాలా? అంత అవసరమా?

సంతకం కోసమే అయితే అక్కర్లేదు. మన ఊళ్ల పిల్లలు టీచర్ని చూస్తారు, డాక్టర్ని చూస్తారు, పోలీసును, ఎమ్మెల్యేను చూస్తారు. రచయితను మాత్రం చూసి ఉండరు. పుస్తకం మీద పేరుందంటే ఆ మనిషి ఎప్పుడో పోయి ఉంటాడనే చాలామంది పిల్లల లెక్క. పాఠ్యపుస్తకంలో వాళ్లు చూసే కవుల్లో ఎక్కువమంది అట్లాంటివారే మరి. అదే మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చొని, చాయ్ తాగుతూ, 'నీ పేరేంటి నాన్నా' అని అడిగితే పిల్ల మనసులో 'అయితే నేనూ రాయొచ్చు' అనే ఆలోచన పడుతుంది. దానికోసం ఒక ఆదివారాన్ని, కొన్ని వందల రూపాయలను ఖర్చు పెట్టడం దండగ కాదని నా గట్టి నమ్మకం.

తెలుగులో ఇప్పుడు పిల్లలకు రాసేవాళ్లు ఎవరున్నారు? మాకు ఎవరూ తెలియదు.

చాలామందే ఉన్నారు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి ఏటా బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. ఆ జాబితాలో తెలుగు పేర్లు చూస్తే మంచి మొదలు దొరుకుతుంది. 2017లో వాసాల నర్సయ్య, 2021లో దేవరాజు మహారాజు, 2022లో పత్తిపాక మోహన్ ఆ పురస్కారం అందుకున్నారు. ముగ్గురూ తెలంగాణవారే. ఇంకో దారి ప్రచురణకర్తల వైపు నుంచి వెతకడం. తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకే పిల్లల పుస్తకాలు వేస్తుంది, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులోనూ తెస్తుంది. ఈ పేర్లలో ఎవరిని కలవాలో మీరు తేల్చకండి. మూడు నాలుగు పుస్తకాలు ఇంట్లో పడేయండి. పిల్ల ఏది మళ్లీ మళ్లీ తీస్తుందో వారం పది రోజుల్లో తెలుస్తుంది.

రచయిత ఏ రోజు వస్తారో ఎట్లా తెలుస్తుంది?

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఎక్కువగా డిసెంబర్‌లో, ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. కానీ తేదీలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2023 చివర్లో జరగాల్సింది 2024 ఫిబ్రవరిలో జరిగింది, ఆ తర్వాతది అదే ఏడాది డిసెంబర్‌లో పెట్టారు. కాబట్టి పోయినేడు ఫలానా రోజు కదా అని బయల్దేరొద్దు. ప్రదర్శన తేదీలు తెలిస్తే సరిపోదు, మీ రచయిత స్టాల్లో ఉండే రోజు, గంట కూడా తెలియాలి. దానికి పుస్తకం వెనక పేజీ చూడండి. ప్రచురణకర్త ఫోన్ నంబర్ ఉంటుంది. రెండు రోజుల ముందు ఒకసారి, బయల్దేరే రోజు పొద్దున మరోసారి చేయండి. రెండో ఫోన్ చాదస్తం అనుకోకండి. పెద్దవయసు రచయితలకు ఆరోగ్యం బాగోలేక చివరి నిమిషంలో మానుకోవడం మామూలే.

అంత దూరం పోలేం. మన జిల్లాలోనే కలిసే వీలుందా?

ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. నవంబర్ 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, మండలాల్లోని శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వ్యాసరచన, కథ చెప్పడం లాంటి పోటీలు పెడతారు, చాలాచోట్ల కవులను, రచయితలను పిలుస్తారు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబర్ 9 కాళోజీ జయంతి రోజున జరిగే తెలంగాణ భాషా దినోత్సవం, ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం కూడా గుర్తుపెట్టుకోండి. లైబ్రేరియన్‌ను అక్టోబర్‌లోనే కలిసి 'ఈసారి ఎవరిని పిలుస్తున్నారు సార్?' అని అడగండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే వాళ్లకూ పిలవాలనిపిస్తుంది. పైగా చిన్న సభలో రచయితతో గడిపేంత సమయం హైదరాబాద్ రద్దీలో దొరకదు.

మా పాపకు ఆరేళ్లే. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, కానీ బస్సులో మూడు గంటలు, లైన్లో గంట ఓర్చుకోగలదా చూసుకోండి. ఆ వయసు పిల్లలకు బొమ్మల పుస్తకాల రచయితలు, కథ చెప్పే కార్యక్రమాలు బాగుంటాయి. సొంతంగా చదివి, నచ్చినదీ నచ్చనిదీ చెప్పగలిగే ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకైతే ఈ ప్రయాణం ఇంకా ఎక్కువ మిగులుతుంది.

పుస్తకం ముందే చదివి ఉండాలా?

ఉండాలి. నేను పట్టుబట్టే విషయం ఇదొక్కటే. చదవని పుస్తకం మీద సంతకం పెట్టించుకుంటే రచయితకూ పిల్లకూ మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. మొత్తం పుస్తకం కాకపోయినా ఒక్క కథ చదివినా చాలు. చదవడం రాని చిన్నపిల్లలకు మీరు చదివి వినిపించండి.

## ప్రయాణం

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి ఎట్లా పోవాలి?

నల్లగొండ, మిర్యాలగూడ బస్సులు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్ వస్తాయి. దేవరకొండ బస్సులు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డున వస్తాయి. ఎటు నుంచి వచ్చినా ఎల్బీ నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో దిగి మెట్రో ఎక్కితే ట్రాఫిక్ బాధ తప్పుతుంది. మియాపూర్ వైపు పోయే రైలెక్కి ఎంజీబీఎస్ స్టేషన్లో దిగండి. అక్కడే జేబీఎస్ వైపు పోయే గ్రీన్ లైన్‌కు మారాలి. సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, మూడో స్టేషన్లో దిగితే అక్కడి నుంచి ఆటోకు దగ్గర. నల్లగొండ నుంచి రైల్లో వస్తే సికింద్రాబాద్‌లో దిగుతారు. పిల్లలతో అక్కడి నుంచి నేరుగా ఆటో నయం.

పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు నుంచి?

రైలైతే హాయి. గద్వాల, వనపర్తి రోడ్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ అన్నీ కాచిగూడ లైన్ మీదే ఉన్నాయి. కాచిగూడ నుంచి స్టేడియానికి ఆటోలో పోవచ్చు. బస్సులో కడుపులో తిప్పే పిల్లలకు రైలు ఎంతో మేలు, కిటికీ పక్కన కూర్చొని పుస్తకం మరోసారి తిరగేసుకుంటారు కూడా. బస్సైతే జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా ఎంజీబీఎస్‌కు వస్తుంది. బస్టాండ్ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది, గ్రీన్ లైన్ ఎక్కి చిక్కడపల్లిలో దిగండి. అచ్చంపేట, కల్వకుర్తి బస్సులు శ్రీశైలం రోడ్డున వస్తాయి. వాళ్లకూ ఎంజీబీఎస్ నుంచి ఇదే దారి.

ఆడపిల్లలకు బస్సు ఫ్రీ కదా, మరి మగపిల్లలకు?

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు, అమ్మాయిలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఉచితమే. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాలి. మెట్రో రైలుకు ఈ పథకం వర్తించదు, 'మెట్రో' అనే పేరు చూసి పొరబడేవాళ్లు ఉన్నారు. ఆధార్ కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు, అది తప్పకుండా తీసుకోవాలి. మగపిల్లలకు ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా హాఫ్ టికెట్. తల్లీ కూతురూ కలిసి పోతే బస్సు ఖర్చే ఉండదు, ఆ మిగిలిన డబ్బుతో ఇంకో పుస్తకం కొనిపెట్టండి.

మా బడి నుంచి ముప్పై మందిని తీసుకుపోవాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

హెడ్మాస్టర్ అనుమతి, ప్రతి పిల్ల ఇంటి నుంచి సంతకంతో ఒప్పుకోలు పత్రం ముందే తీసుకోండి. అమ్మాయిలు ఉంటే లేడీ టీచర్ కచ్చితంగా వెంట ఉండాలి. పది మంది పిల్లలకు ఒక పెద్ద చొప్పున ఉంటే అందరూ కళ్ల ముందు ఉంటారు. ప్రచురణకర్తకు ముందే ఫోన్ చేసి 'ఫలానా ఊరి ప్రభుత్వ బడి నుంచి ముప్పై మంది వస్తున్నాం' అని చెప్తే రచయిత మీ పిల్లల కోసం విడిగా కాసేపు కూర్చునేలా చూస్తారు. శని, ఆదివారాలు కాకుండా మామూలు రోజు పోతేనే ఇది కుదురుతుంది. అందరి చేతా సంతకాలు పెట్టించాలని మాత్రం పెట్టుకోకండి. బడి లైబ్రరీ పుస్తకాల మీద రెండు మూడు సంతకాలు, పిల్లలందరితో ఒక అరగంట ముచ్చట. ముచ్చటకే ఎక్కువ సమయం ఉంచండి.

ఎప్పుడు బయల్దేరాలి? రాత్రికి తిరిగి రాగలమా?

ప్రదర్శన మామూలుగా మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా నడుస్తుంది. రచయితలు సాయంత్రం పూట ఎక్కువగా వస్తారు. మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా అక్కడుండేట్టు చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే అడిగి పెట్టుకోండి. నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో రాత్రి బస్సు దొరకొచ్చు. అక్కడి నుంచి మండలానికి, పల్లెకు దొరకదు. లోపలి ఊళ్లవాళ్లు నగరంలో చుట్టాలింట్లో ఉండి తెల్లారి రావడమే మేలు. డిసెంబర్ రాత్రుల్లో చలి ఉంటుంది, స్వెటర్ మరవకండి.

## ప్రాంగణంలో, లైన్లో

పాతబడ్డ, అట్ట ఊడిన పుస్తకం తీసుకెళ్తే బాగుండదేమో?

అదే తీసుకెళ్లండి. నలిగిన పుస్తకం చూస్తే రచయిత ముఖం ఎట్లా వెలుగుతుందో మీరే చూస్తారు. మూలలు మడతపడి, అన్నం మెతుకు మరక ఉండి, అక్క పేరు కొట్టేసి తమ్ముడి పేరు రాసి ఉన్న పుస్తకం అంటే ఆ ఇంట్లో అది బతికిందని అర్థం. కొత్త కాపీ కోసం దాన్ని ఇంట్లో వదిలేసి పోకండి. స్టాల్ నడిపేవాళ్లకు ఆ రోజు అమ్మకమే ఆధారం కాబట్టి, వీలైతే అదే రచయితది ఇంకో చిన్న పుస్తకం అక్కడ కొనండి. ఇక జిరాక్స్ కాపీలు, ఫోన్లో తిరిగే పీడీఎఫ్‌ల నుంచి తీసిన ప్రింట్లు మాత్రం సంతకానికి పెట్టొద్దు. రాసినవారి మనసు నొచ్చుకుంటుంది.

ఎన్ని పుస్తకాల మీద పెట్టించుకోవచ్చు?

వెనక లైన్ పెద్దగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు.

సంతకం ఏ పేజీలో? పెన్ను మనమే తీసుకుపోవాలా?

లోపల పుస్తకం పేరు, రచయిత పేరు కలిసి ఉండే పేజీలో పెట్టించుకోవడం ఆనవాయితీ. బొమ్మల పుస్తకాలు నునుపు కాగితం మీద వేస్తారు, దాని మీద జెల్ పెన్ను సిరా వెంటనే ఆరదు, అలుక్కుపోతుంది. మామూలు బాల్ పెన్ను మీతో ఉంచుకోండి. సంతకం అయ్యాక ఒక నిమిషం పుస్తకం తెరిచే ఉంచండి. తేదీ, వీలైతే ఊరి పేరు కూడా రాయమని అడగొచ్చు.

మా పిల్ల పేరు తప్పు రాస్తారేమోనని భయం.

రద్దీలో నోటితో చెప్తే తప్పు పడటం సహజం. రిత్విక్ అని ఒక ఇంట్లో రాస్తే ఋత్విక్ అని ఇంకో ఇంట్లో రాస్తారు. శ్రీహిత అనేవాళ్లు ఉన్నారు, శ్రీహితా అనేవాళ్లూ ఉన్నారు. చిన్న చీటీ మీద పిల్ల చేతనే తన పేరు పెద్ద అక్షరాలతో రాయించి పుస్తకంలో పెట్టండి.

జనంలో పిల్లలు తప్పిపోతే?

ఆదివారం సాయంత్రాలు విపరీతమైన రద్దీ ఉంటుంది. లోపలికి పోగానే మొదట ఒక గుర్తు చూపించండి, గేటో, సభావేదికో. 'నేను కనబడకపోతే ఇక్కడికి వచ్చి నిలబడు, ఎవరి వెంటా పోవద్దు' అని చెప్పండి. చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ ఉంచండి. వేదిక దగ్గర మైకు ఉంటుంది, నిర్వాహకులకు చెప్తే వెంటనే పిలుస్తారు.

ఫోన్ పే చాలదా, నగదు కూడా కావాలా?

జనం ఎక్కువైతే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. కొన్ని వందలు నోట్ల రూపంలో ఉంచుకోండి. పిల్లలకు వాళ్ల వంతు డబ్బు చేతికే ఇవ్వండి, ఏ పుస్తకం కొనాలో వాళ్లే ఎంచుకుంటారు.

## రచయిత ఎదుట

ఏమని పిలవాలి? సార్ అనాలా, తాతా అనాలా?

సార్, మేడం అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పెద్దవయసు వారిని పిల్లలు తమంతట తాము తాతా, అమ్మమ్మా అంటే ఆపకండి, చాలామంది రచయితలు ఆ పిలుపు కోసమే వచ్చి కూర్చుంటారు. 'ఫలానా గారు అని పిలువు' అని పక్కనుంచి బలవంతం చేయడం వల్ల పిల్లలు ఇంకా బిగుసుకుపోతారు.

మా బాబు ఇంట్లో గలగలా మాట్లాడతాడు, ఎదురుగా పోతే నోరు పెగలదు. నేను మాట్లాడొచ్చా?

వద్దు. మీరు మాట్లాడటం మొదలుపెడితే అది ఇద్దరు పెద్దల సంభాషణ అయిపోతుంది, పిల్లవాడు మధ్యలో సంచిలా నిలబడతాడు. వీలైతే రెండడుగులు వెనక్కి జరగండి. పిల్లల రచయితలకు ఈ మౌనం కొత్త కాదు. పుస్తకం తెరిచి, ఏదో బొమ్మ చూపించి, 'ఇది ఎవరు?' అని వాళ్లే కదిలిస్తారు. ఆ పది పదిహేను క్షణాలు మీకు టెన్షన్‌గా ఉంటుంది, ఓపిక పట్టండి. ఒక్క మాటా రాకపోయినా ఫరవాలేదు. సిగ్గుతో తల దించుకుని, పుస్తకం చాచి, సంతకం తీసుకుని వచ్చేసిన పిల్లలు బస్సెక్కాక దారంతా దాని గురించే మాట్లాడటం నేను చూశాను. 'అంత దూరం తీసుకొస్తే ఒక్క మాట మాట్లాడలేదు' అని మాత్రం అనకండి. ఆ రోజును ఆ మాటే పాడుచేస్తుంది.

మన యాసలో మాట్లాడితే నవ్వుతారేమో? కొంచెం మంచి తెలుగు నేర్పించి తీసుకుపోనా?

దయచేసి ఆ పని చేయకండి. 'సార్, ఆ ముసలవ్వ లాస్టుకు ఏడికి పోయింది?' అని పిల్ల అడిగితే ఆ ప్రశ్నలో కథ అంతా ఉంది. దాన్నే బట్టీ పట్టించి 'ఆ వృద్ధురాలు చివరికి ఎక్కడికి వెళ్లింది?' అని అడిగిస్తే పిల్ల గొంతు అందులో వినిపించదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డిది మన గద్వాల వైపు ఇటిక్యాలపాడు. అటువంటి నేల మీది పిల్లలకు మన మాట తక్కువదని మనమే నేర్పడం అన్యాయం. పైగా పిల్లలకు రాసేవాళ్లు పిల్లల నోటి మాట కోసం చెవులు పెట్టుకుని ఉంటారు. మీ పిల్ల అన్న 'గట్లెందుకు చేసిండు?' రేపు ఏ కథలోనైనా కనిపించొచ్చు.

ఏం ప్రశ్నలు అడిగించాలి?

'మీకు ప్రేరణ ఎవరు?', 'మీ సందేశం ఏమిటి?' ఇవి పెద్దవాళ్లు రాసిచ్చే ప్రశ్నలు, అడిగిన పిల్లకే వాటి జవాబు అక్కర్లేదు. చదివేటప్పుడు పిల్లకు ఎక్కడ అనుమానం వచ్చిందో కనుక్కోండి. కుక్కకు ఆ పేరు ఎందుకు పెట్టారు, ఆ ఊరు నిజంగా ఉందా, దొంగను ఎందుకు వదిలేశారు, ఒక కథ రాయడానికి ఎన్ని రోజులు పట్టింది. 'ఈ కథ నాకు నచ్చలేదు' అని పిల్ల చెప్పాలనుకుంటే చెప్పనివ్వండి. ఎందుకు నచ్చలేదో కూడా చెప్తే రచయిత శ్రద్ధగా వింటారు. ఒకటే ప్రశ్న, పిల్ల సొంతది. అంతకన్నా ఎక్కువకు సమయం ఉండదు.

మా పాప తనే కథలు రాస్తుంది. చూపించొచ్చా?

జిరాక్స్ తీసి ఇవ్వండి, నోట్‌బుక్ ఇవ్వకండి. రెండు పేజీలు మించొద్దు. చివర పేరు, తరగతి, బడి, ఇంటి అడ్రసు రాయించండి. అక్కడికక్కడే చదివి చెప్పమని అడగొద్దు, వెనక పది మంది నిలబడి ఉంటారు. మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వ బడుల టీచర్లు తమ పిల్లల కథలను సంకలనాలుగా అచ్చు వేశారు. మీ బడిలో అటువంటిది ఉంటే ఒక కాపీ రచయితకు ఇవ్వండి. శాలువా, పూలదండ కన్నా వాళ్లు అది ఎక్కువ ఇష్టంగా తీసుకుంటారు.

ఫొటో?

అడిగి, ఒక్కటి. పిల్ల మాట్లాడుతున్నప్పుడు 'ఇటు చూడు, నవ్వు' అనకండి. మాట్లాడటం అయ్యాక తీసుకోండి.

అనువాద పుస్తకం అయితే ఎవరి సంతకం తీసుకోవాలి?

అనువదించినవారు అక్కడుంటే తప్పకుండా వారిది తీసుకోండి. మీ పిల్ల చదివిన ప్రతి తెలుగు వాక్యం వాళ్లు రాసిందే. బొమ్మలు వేసినవారిని కూడా అడగండి. చిన్నపిల్లలకు అక్షరాల కన్నా ముందు పరిచయమయ్యేది వాళ్లే. లైన్ చిన్నగా ఉంటే సంతకం పక్కన చిన్న బొమ్మ కూడా గీసిస్తారు.

## తిరిగి వచ్చాక

అంత దూరం పోయాక రచయిత రాలేదు. పిల్ల ఏడుస్తోంది.

ఏడవనివ్వండి, ఆశపడి వచ్చింది కదా. తర్వాత స్టాల్లో కూర్చొని పిల్ల చేత ఒక చీటీ రాయించండి, 'మీ కోసం ఫలానా ఊరి నుంచి వచ్చాను' అని, కింద అడ్రసుతో. పుస్తకం కొని స్టాల్లోనే ఇచ్చి వస్తే, రచయిత వచ్చినప్పుడు సంతకం పెట్టించి పోస్టులో పంపడానికి చాలామంది ప్రచురణకర్తలు ఒప్పుకుంటారు. పోస్టు ఖర్చు మీరే ఇవ్వండి.

ఉత్తరం రాస్తే జవాబు ఇస్తారా?

పిల్లల చేతిరాతతో పోయిన ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువే. వాట్సాప్ మెసేజ్ కన్నా పోస్టు కార్డు మంచిది. ఇంటికి వచ్చిన వారంలోపే రాయించండి, ఆలస్యమైతే చెప్పాల్సిన సంగతులు పిల్ల మరిచిపోతుంది. రచయిత ఇంటి అడ్రసు కోసం వెతకకుండా ప్రచురణ సంస్థ అడ్రసుకు పంపండి, వాళ్లు అందజేస్తారు. అక్షర దోషాలు దిద్దకండి.

ఆ రచయితను మా బడికే పిలవొచ్చా?

పిలవండి. చాలామంది సంతోషంగా వస్తారు, పల్లె బడి అంటే ఇంకా ఇష్టపడతారు. రానుపోను ఖర్చు, భోజనం మీరు చూసుకోవాలి. వాళ్లంతట వాళ్లు అడగరు కాబట్టి మీరే ముందు చెప్పండి. నెల ముందే రచయిత పుస్తకాలు ఐదారు కాపీలు తెప్పించి తరగతుల్లో తిప్పండి. సర్పంచ్, ఎంఈఓ, దాతల ఉపన్యాసాలతో రెండు గంటలు గడిచాక రచయితకు పది నిమిషాలు మిగిల్చే సభ పెట్టొద్దు. స్టేజీ లేకుండా చెట్టు కిందనో, వరండాలోనో పిల్లల మధ్య కుర్చీ వేయండి. మైకు పిల్లల చేతికివ్వండి.